కలినోవ్ వంతెన నుండి అంతర్వేది దాక

కోనసీమలో పుట్టి పెరిగినవారికి రక్తవిలోచనుని కథ క్రొత్తగా చెప్పనక్కఱలేదు. వసిష్ఠ గోదావరి కడలిలో కలియు అంతర్వేదికి మాఘమాసమున తీర్థమునకు పోవు జనములో ఆ కథ ఏదో ఒక నోట వినబడుచునే యుండును. వాడు హిరణ్యాక్షుని కుమారుడు. ఈశ్వరుని మెప్పించి చిత్రమైన వరము సంపాదించినాడు. యుద్ధమున తన మేనినుండి కాఱిన నెత్తురు ఎన్ని యిసుక రేణువులను తడుపునో, అందఱు రక్తవిలోచనులు అప్పటికప్పుడు పుట్టవలెను. అట్టివానిని నఱికినకొలదియు శత్రుబలము పెరుగునే గాని తరుగదు. చివరకు నరసింహస్వామి తన మాయాశక్తిచేత ఆ నెత్తురు నేలబడకుండ అడ్డగించి వానిని కూల్చినాడనియు, ఆ నెత్తురే పిమ్మట రక్తకుల్యయై పాఱినదనియు స్థలపురాణము చెప్పుచున్నది. ఆ మాయాశక్తియే అశ్వరూఢాంబిక. పల్లెజనము ఆమెను గుఱ్ఱాలక్క యని పిలుచుకొందురు.

అంతర్వేదికి వేల మైళ్ల దూరమున, ఆఱు నెలలు మంచుక్రింద పడియుండు రష్యా పల్లెలలో, ఇట్టి కథయే మఱియొకటి చెప్పుకొందురు. అచట నది పేరు స్మొరొదినా. దానిపై కలినోవ్ వంతెన. ఈవల మనుష్యులు, ఆవల రాక్షసులు. ఇవాన్ అను కాపు కుఱ్ఱవాడు మూడు రాత్రులు ఆ వంతెన కడ కావలి కాచును. మొదటి రాత్రి ఆఱు తలల రక్కసుడు, రెండవ రాత్రి తొమ్మిది తలల వాడు, మూడవ రాత్రి పండ్రెండు తలల వాడు వత్తురు. ఆ మూడవవాని తలలు ఎన్ని నఱికినను లాభము లేదు. తెగిపడిన తలను ఎత్తి, తన నిప్పు వ్రేలితో ఒక్క గీత గీసినచో అది మరల మొండెమున కతుకుకొనును. ఇవాన్ ఆ కిటుకు కనిపెట్టి ముందు వ్రేలు తెగవ్రేసినాడు. తక్కిన పని సులువైపోయినది.

నెత్తురు నేలబడకుండ చూచుట ఇచట, నిప్పు వ్రేలు నఱకుట అచట. రెండు కథలును వినెడి పిల్లవానికి నేర్పునది ఒక్కటే: వీనిని బలముతో గెలువలేము, వాని గుట్టు తెలియవలెను. కాని ఈనాడు అమలాపురములోనో, రాజోలులోనో సెలవునాడు సెల్లుఫోను చేతబట్టి కూర్చున్న విద్యార్థికి స్మొరొదినా ఒడ్డు రక్కసుల చుట్టపక్కాలందఱు పరిచయమే. పేరుతో కాకున్నను రూపుతో వారిని గుర్తుపట్టగలడు. తన యూరికి గంట ప్రయాణములో నున్న రక్తవిలోచనుని పేరు మాత్రము అడిగినచో తడుముకొనవచ్చును. కారణము కంప్యూటరు ఆటలు. ఆ ఆటల వెనుక మఱియొక కారణము కూడ కలదు. దానికి నూటయేబదియేండ్ల చరిత్ర యున్నది.

ఈ ఆటలను గూర్చి ఎఱుగని ఉపాధ్యాయులకు ముందుగా కొంత చెప్పవలెను. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట వెలువడినది. దానికి కావలసినవి కాగితము, పెన్సిలు, పాచికలు మాత్రమే. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు కథ నడుపును, తక్కినవారు వీరులో మాంత్రికులో అయి ఆ కథలో తిరుగుదురు. ఏ తలుపు తీయవలెనో, ఏ రక్కసునితో తలపడవలెనో వారి యిష్టము. గెలుపోటములు పాచికల వంతు. 1976లో ఆ ఆటకు వచ్చిన ఒక అనుబంధ గ్రంథమున, మాయావస్తువుల పట్టికలో, రష్యా కథలలోని బాబా యాగా గుడిసె చోటుచేసుకొన్నది. పిమ్మట ఇట్టి ఆటలు కంప్యూటరు తెరలకెక్కినవి. బల్లచుట్టు నలుగురు కూర్చుండు ఆట లక్షలమంది ఆడెడి వ్యాపారమైనది.

స్లావు జాతుల కథలకు ఈ రంగమున పెద్దపీట వేసినది పోలండు. అచటి రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కి 1986లో 'ఫంతాస్తిక' అను పత్రికకు ఒక చిన్న కథ వ్రాసినాడు. కూలి పుచ్చుకొని దయ్యములను, రక్కసులను వేటాడు ఒక వృత్తివాడు అందు కథానాయకుడు. శాపవశమున పిశాచమై రాత్రులందు సమాధినుండి లేచివచ్చు రాచకూతురు అందలి సమస్య. ఆమె మూలము పాత పోలిష్ జానపద గాథలో నున్నది. ఆ కథ పెరిగి నవలలైనది. నవలలు 2007లో వార్సా నగరపు సంస్థ చేతిలో 'ది విచర్' అను ఆటయైనవి. 2011లో అమెరికా అధ్యక్షుడు ఒబామా పోలండునకు వచ్చినపుడు ప్రధానమంత్రి తుస్క్ ఇచ్చిన కానుకలలో ఆ ఆట రెండవ భాగము కూడ నుండినది. అవ్వల దయ్యాల కథకు ఇంతకు మించిన రాజసత్కారము ఎక్కడను జరిగియుండదు.

ఆ ఆటలో ఎదురుపడు దయ్యములలో 'మధ్యాహ్నపు స్త్రీ' ఒకతె. స్లావు పల్లెలలో మిట్టమధ్యాహ్నము పొలమున పనిచేయరాదు. చేసినచో తెల్లని బట్టలు కట్టిన ఒక స్త్రీ పైరులోనుండి లేచివచ్చి మెడలు విఱుచునని, లేదా బుద్ధి చలింపజేయునని భయపెట్టుదురు. వడదెబ్బకు ఆ జనము పెట్టుకొన్న రూపమే ఇది యని పండితులు చెప్పుదురు. తెలుగునాట ఏ అమ్మమ్మ మిట్టమధ్యాహ్నము చింతచెట్టు క్రిందికి పోవద్దని పిల్లలను గదమలేదు? కాలువగట్లపై రాత్రివేళ కొఱివిదయ్యము కనిపించెనన్న మాట వినని పల్లె కోనసీమలో ఉండునా? అచట ఆ భయము పేరుతో, రూపముతో, దుస్తులతో గ్రంథములకెక్కి తెరమీదికి వచ్చినది. ఇచట గదమాయింపుగానే మిగిలినది.

బాబా యాగా సంగతి మఱియు రుచిగా నుండును. ఆమె గుడిసె కోడికాళ్లపై నిలిచియుండును. ఆ గుడిసె చుట్టు కంచెకు ఎముకలు, కంచెపై పుఱ్ఱెలు. ఆమె రోటిలో కూర్చుండి, రోకలితో దానిని తోలుచు, వెనుక జాడను చీపురుతో చెఱుపుకొనుచు ఆకాశమున పోవును. రోలు, రోకలి, చీపురు! ఇంతకంటె ఇంటివస్తువులు లేవు. పెరటిలో కనిపించు సామగ్రితో ఇంత భయమును సృష్టించిన పల్లెటూరి కల్పనకు జోహారు చేయవలసినదే. ఆటలలో ఆమె తఱచుగ ఉత్త రాక్షసి. కథలలో అంత సులువుగా తేలదు. ఆకలిగొన్న రాకుమారుడు మర్యాదగా పలుకరించినచో స్నానమునకు నీళ్లు తోడి, అన్నము పెట్టి, తెల్లవారిన తరువాత దారి చెప్పి, ఎక్కుటకు గుఱ్ఱమును కూడ ఇచ్చును. ఒక కథలో ఆమె వసిలీస అను సవతిబిడ్డను గింజలు ఏఱుమని పనిపెట్టును. తల్లి చనిపోవుచు ఇచ్చిన చిన్న బొమ్మ ఆ పిల్లకు తోడై రాత్రికి రాత్రి ఆ పని చేసిపెట్టును. పేదరాశి పెద్దమ్మయు, నరమాంస భక్షకియు ఒక్క శరీరమున కాపురమున్నట్లు బాబా యాగాను ఊహించుకొనవలెను. ఆటలు చేయువారు ఆమెలోని పెద్దమ్మను వదలి రాక్షసిని మాత్రము తీసికొనుట పెద్ద లోపము. తెలుగు కథలు ఏనాడైన ఆటలైనపుడు పేదరాశి పెద్దమ్మకు ఆ గతి పట్టకుండుగాక.

ఇక కొష్చెయ్. చావులేని ముసలి మాంత్రికుడు, పరుల భార్యలను ఎత్తుకొనిపోవువాడు. వాని ప్రాణము సూదిమొనలో నున్నది. ఆ సూది గ్రుడ్డులో, గ్రుడ్డు బాతులో, బాతు కుందేటిలో, కుందేలు పెట్టెలో, పెట్టె సముద్రమధ్యమున బుయాన్ ద్వీపముమీది సిందూరవృక్షము కడ. బాలనాగమ్మ కథ విన్నవారికి ఇచట మాయల ఫకీరు వెంటనే గుర్తు వచ్చును. ఫకీరు ప్రాణము ఏడు సముద్రముల ఆవల చిలుకలో నున్నది. బాలనాగమ్మ వానిని మాటలలో పెట్టి ఆ గుట్టు రాబట్టినట్లే అచటి రాణియు కొష్చెయ్‌ని మురిపించి గుట్టు లాగును. కొడుకు బాలవర్ధిరాజు పోయి చిలుకను పట్టితెచ్చును. ప్రపంచ జానపద కథలను జాతులుగ విభజించి సంఖ్యలు వేసిన పండితులు ఈ రెంటిని ఒక్క సంఖ్య క్రిందనే చేర్చుదురు. ఐరోపా నుండి బంగాళాఖాతము దాక వ్యాపించిన కథ అది.

నిజమునకు ఈ కథ ఆటగా మారుటకు పుట్టినట్లే యున్నది. ఒక తాళము తీసినచో లోపల మఱియొక తాళము. రాకుమారుడు దారిలో ఆకలితో నున్నను ఎలుగుబంటిని, డేగను, చేపను చంపక విడిచిపెట్టును. పెట్టె పగులగొట్టునపుడు ఎలుగుబంటియు, బాతు ఎగిరిపోవునపుడు డేగయు, గ్రుడ్డు నీట పడినపుడు చేపయు వచ్చి ఋణము తీర్చుకొనును. ఏ పని చేసినచో ఏ ఫలితము వచ్చునో ముందే కట్టుదిట్టము చేసిన ఈ అమరికను ఆటలు చేయువారు క్రొత్తగా కనిపెట్టనక్కఱలేకపోయినది. పొయ్యి ప్రక్కన కూర్చున్న అవ్వలు సిద్ధము చేసియుంచినారు.

సిద్ధముగా నున్నను, అవి వార్సాలోను, అమెరికాలోను కూర్చున్నవారి చేతికి ఎట్లు చేరినవి? ఎవరో వ్రాసిపెట్టినారు గనుక. రష్యా కథలకు ఆ పని చేసినవాడు అలెగ్జాండర్ అఫనాస్యెవ్. ఆయన చదివినది న్యాయశాస్త్రము. ఉద్యోగము మాస్కోలో ప్రభుత్వ పత్రభాండారమున. 1855 నుండి 1863 వఱకు ఎనిమిది భాగములుగా సుమారు ఆఱువందల కథలు అచ్చువేసినాడు. వానిలో ఆయన స్వయముగా విని వ్రాసినవి బహుకొద్ది. నిఘంటుకారుడు దాల్ తాను ప్రోగుచేసిన మూట ఆయనకు అప్పగించినాడు. రష్యా భౌగోళిక సంఘము తన పెట్టెలలో పడియున్న కాగితములు ఇచ్చినది. ఆ కాగితములు పంపినవారు ఎవరు? మాఱుమూల జిల్లాలలోని బడిపంతుళ్లు, పల్లెటూళ్ల పురోహితులు, చిన్న గుమాస్తాలు. 1862లో అఫనాస్యెవ్‌కు ఉద్యోగము పోయినది. పుస్తకములు అమ్ముకొని బ్రతికినాడు. 1871లో క్షయవ్యాధితో, పేదఱికములో మరణించినాడు. ఈనాడు ఏ ఆటలో బాబా యాగా గుడిసె కోడికాళ్లపై తిరిగినను, ఆ కోడికాళ్ల క్రింద ఆ పంతుళ్ల చేతివ్రాత కలదు.

కథల మాట అట్లుండగా, వీరగాథల మాట వేఱు. కీవ్ రాజు వ్లదీమిర్ కొలువులోని వీరులను, ముప్పదిమూడేండ్లు పొయ్యిపై కదలలేక కూర్చుండి ఒక్కనాటితో లేచి నిలిచిన ఇల్యా మూరొమెత్స్‌ను గానము చేయు పాటలు చదువుకొన్నవారి దృష్టిలో ఏనాడో అంతరించినవి. 1859లో రిబ్నికొవ్ అను యువకుని ప్రభుత్వము ఉత్తరమున నున్న పెత్రజవోద్స్క్ పట్టణమునకు ప్రవాసము పంపినది. మఱుసటి యేడు ఒనెగా సరస్సులో పోవుచుండగా గాలివానకు పడవ ఒక ద్వీపమున ఆగినది. మంటప్రక్కన నిద్రించిన రిబ్నికొవ్ ఏదో వింతపాట చెవిబడి మేలుకొన్నాడు. కళ్లు తెఱచి చూచిన, ఒక ముసలి రైతు కూర్చుండి సద్కో అను నొవ్‌గొరొద్ వర్తకుడు సముద్రరాజు కొలువునకు పోయిన కథను పాడుచున్నాడు. సచ్చినదనుకొన్న సాహిత్యము కండ్ల యెదుట ఊపిరి పీల్చుచున్నది! ఆ ద్వీపమునుండి నాలుగు సంపుటములు వెలువడినవి.

1871లో గిల్ఫెర్డింగ్ అను పండితుడు ఆ జాడపట్టి పోయినాడు. రెండు నెలలలో మూడువందలకు పైగా పాటలు వ్రాసికొన్నాడు. ఆయన చేసిన గొప్పపని మఱియొకటి. పాటలను కథల వరుసలో గాక పాడినవారి వరుసలో కూర్చినాడు. ప్రతి గాయకుని పేరు, ఊరు, వృత్తి, అతడు ఎవరి వద్ద నేర్చెనో ముందు వ్రాసి, పిమ్మట వాని పాటలు. మఱుసటి వేసవిలో మరల బయలుదేఱి, దారిలోనే కర్గొపొల్ పట్టణమున విషజ్వరముతో కన్నుమూసినాడు. కొఱవడిన పాటలు కొఱవడినట్లే యుండిపోయినవి.

వ్రాత ఎంత బలమైనదో తెలియుటకు అదే నొవ్‌గొరొద్ నగరము మఱియొక సాక్ష్యమిచ్చినది. 1951 జూలైలో అచటి త్రవ్వకములలో భూర్జపత్రమున గీసిన లేఖ యొకటి బయటపడినది. అప్పటినుండి పదకొండువందలకు పైగా దొఱికినవి. కోనసీమలో తాటాకుపై గంటముతో వ్రాసినట్లే అచట బూర్చ చెట్టు బెఱడుపై ఇనుప, ఎముక పుల్లలతో గీసినారు. సిరా లేదు గనుక తడిమట్టిలో ఏడెనిమిది వందల యేండ్లు పడియున్నను చెఱగలేదు. ఆ బెఱడులలో 13వ శతాబ్ది మధ్యకాలమున నివసించిన ఒన్ఫీమ్ అను ఆఱేడేండ్ల బాలునివి కొన్ని కలవు. మంగోలు సేనలు 1240లో కీవ్‌ను నేలమట్టము చేసిన కాలమది. నొవ్‌గొరొద్ మాత్రము ఆ దాడి తప్పించుకొన్నది. ఆ నగరపు పిల్లవాడు వరుసగా అక్షరములు దిద్దినాడు. తరువాత ఒక్కొక్క హల్లునకు అచ్చులు చేర్చి గుణింతము వ్రాసినాడు. తెలుగు బడిలో నిన్నమొన్న జరిగినదే! విసుగు పుట్టియుండును గాబోలు, మిగిలిన చోట గుఱ్ఱమెక్కి శత్రువును బల్లెముతో పొడుచుచున్న వీరుని గీసి ప్రక్కన 'ఒన్ఫీమ్' అని తన పేరు పెట్టుకొన్నాడు. మఱియొక బెఱడుపై చుట్టలు తిరిగిన తోకతో, చాచిన నాలుకతో ఒక జంతువును గీసి 'నేను మృగమును' అని వ్రాసినాడు. తాను వీరుడనని, తాను రక్కసుడనని ఆడుకొనుటకు ఆ పిల్లవానికి కంప్యూటరు కావలసిరాలేదు.

చరిత్ర కూడ ఆటలకెక్కినది. 2021లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' నాలుగవ భాగమున మాస్కో రాజ్యము పెరిగిన క్రమము ఒక కథగా నడుచును. 1380 నాటి కులికోవో యుద్ధము అందొక ఘట్టము. అదే యేడు ఉరల్ పర్వతముల చెంత నున్న పెర్మ్ నగరమున ఒక చిన్న సంస్థ 'బ్లాక్ బుక్' అను ఆటను వెలువరించినది. అది తన జిల్లాలోని దయ్యాల కథలను, మంత్రగాండ్ర నమ్మకములను, తన పల్లెల పేర్లతోనే చెప్పినది. పెద్ద సంస్థల ఆటలకంటె ఇట్టిదియే ఉపాధ్యాయులు గమనింపదగినది. ఒక జిల్లా తన కథ తాను చెప్పుకొన్నది. చెప్పుకొనుటకు కావలసిన ముడిసరకు ఆ జిల్లాలో ముందే సేకరింపబడియున్నది.

ఇచట ఒక తేడాను దాచరాదు. 988లో వ్లదీమిర్ క్రైస్తవము స్వీకరించినపుడు, అంతవఱకు తాను కొలిచిన పెరూన్ దేవుని విగ్రహమును గుఱ్ఱపు తోకకు కట్టించి, పండ్రెండుగురు మనుష్యులచేత కఱ్ఱలతో కొట్టించి, ద్నీపర్ నదిలోనికి తోయించినాడని ఆ దేశపు పురాతన వృత్తాంతము చెప్పుచున్నది. పెరూన్‌కు ఈనాడు గుడి లేదు, దీపము లేదు. ఆటలో ఆయనను ఎట్లు చూపినను నొచ్చుకొనువారు అరుదు. అంతర్వేదిలో స్వామికి కల్యాణము జరుగుచున్నది. గుఱ్ఱాలక్కకు మ్రొక్కులు చెల్లుచున్నవి. బ్రతికియున్న దైవమును బొమ్మగా ఆడించుట వేఱు, రక్కసుని గుట్టు కథగా నడుపుట వేఱు. ఆ గీత ఎక్కడ గీయవలెనో పెర్మ్ వారికి పట్టని చిక్కు. కోనసీమవారికి మాత్రము తప్పదు. అయినను దయ్యములు, మాయల ఫకీర్లు, పేదరాశి పెద్దమ్మలు ఏ గుడికిని చెందినవారు కారు. వారిని ఎవరైన పిలువవచ్చును.

తెలుగు పిల్లలకు ఆ రష్యా కథలు ఆటలకంటె ఎంతోముందుగా పుస్తకములుగా వచ్చిన సంగతి నేటి విద్యార్థులకు తెలియకపోవచ్చును. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు తెలుగులోనే అచ్చువేసి ఓడలపై పంపినవి. విశాలాంధ్రవారి దుకాణములలో అవి అణాలకు, రూపాయలకు దొఱికినవి. నున్నని కాగితము, నిండు రంగుల బొమ్మలు. వృక్షశాస్త్రము చదివి సాహిత్యమున స్థిరపడిన ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్‌గా పేరొందిన రాళ్లబండి వెంకటేశ్వరరావు వంటివారు మాస్కోలోనే యుండి అనువదించినారు. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమగుటతో ఆ పుస్తకముల రాక నిలిచినది. ఇప్పుడవి పాతపుస్తకముల అంగళ్లలో వెదకువారికి మాత్రమే దొఱకును.

తెలుగువారు తమ కథలను వ్రాసికొనలేదా యనినచో, వ్రాసికొన్నారు. జె. ఏ. బాయిల్ 1874లోనే తెలుగు వీరగాథలను గూర్చి ఆంగ్ల పత్రికలో వ్రాసినాడు. అక్కిరాజు ఉమాకాంతము 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చున తెచ్చినాడు. గోదావరి సీమలో నేదునూరి గంగాధరము పల్లెపాటలను, సామెతలను ఏఱి 'మిన్నేరు', 'సెలయేరు' వంటి సంపుటములు కూర్చినాడు. బిరుదురాజు రామరాజు 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యముపై ఉద్గ్రంథము ప్రకటించినాడు. వీరి కృషి తక్కువది కాదు. కాని పాటకు దక్కిన గౌరవము అవ్వ చెప్పిన కథకు దక్కలేదు. పాటకు రాగమున్నది, వ్రాసికొనుట కొక పట్టు దొఱకును. కథ చెప్పునపుడు ఒక తీరు, మఱునాడు మఱియొక తీరు. అది వ్రాతకు లొంగదని విడిచినవారే యెక్కువ. ఏ యూరి దయ్యము ఏ గట్టున తిరిగెను, దానిని ఎవరు చూచిరి, ఏ మాట చెప్పినచో పోయెను? ఇట్టివి ఊరివారీగా కూర్చిన గ్రంథము కోనసీమకు దక్కవలసియున్నది.

కథను ఆటగా మార్చుట మాత్రము తెలుగువారికి క్రొత్తవిద్య కాదు. శివరాత్రి జాగరమునకు పఱచు వైకుంఠపాళి పటమే ఒక కథ. గవ్వలు పడినదాని బట్టి జీవుడు నిచ్చెనలెక్కును, పాముల నోటబడును. తీరా వైకుంఠపు వాకిటికి చేరబోవునపుడు పెద్దపాము మ్రింగి అట్టడుగునకు త్రోసివేయగా ఇల్లంతయు గొల్లుమనును. మరల మొదటినుండి! ఈ 'మరల మొదటినుండి' యే నేటి ఆటలన్నిటికిని ఆయువుపట్టు.

ఇక కోనసీమ నేలయే ఒక పటము. గౌతమి, వసిష్ఠల నడుమ త్రిభుజమువలె నొదిగిన లంకల సీమ. నడుమ వైనతేయ. ప్రతి పాయకు ఒక ఋషి, ప్రతి రేవునకు ఒక కథ. కొత్తపేట చెంత ర్యాలిలో మోహినీ రూపము వెనుక దాచుకొన్న కేశవుడు. కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్లనుండి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి వత్తురు. గంగలకుఱ్ఱు ప్రభలు దారిలో కౌశికను దాటవలెను. మనుష్యులు మెడలోతు నీట దిగి, ప్రభ ఒఱగకుండ భుజములపై నడిపింతురు. చుట్టు వరిచేలు త్రొక్కుడుపడినను ఆ రైతు కోపింపడు, భాగ్యమనుకొనును. 2023 గణతంత్ర దినమున ఢిల్లీలో ఈ తీర్థమే ఆంధ్రప్రదేశ్ శకటముగా నడచినది. ఏ ఊరి ప్రభ ఏ దారిని వచ్చును, ముందు ఎవరు నిలుచుదురు, ఎవరికెవరు ఎదురేగుదురు అను నియమములు ఆ యూళ్ల పెద్దల నోట నున్నవి. ఆ పెద్దలు తరువాతి కనుమకు ఉందురో లేదో.

ఈ రెండు లోకములు ఒకప్పుడు నిజముగనే కలిసికొన్నవి. 15వ శతాబ్దిలో త్వేర్ నగరపు వర్తకుడు అఫనాసీ నికీతిన్ ఓల్గా నదివెంట దిగి, పారసీకము దాటి, అరేబియా సముద్రముమీదుగ బహమనీ రాజ్యమునకు వచ్చినాడు. బీదరు చేరి, వెంట తెచ్చిన గుఱ్ఱమును అమ్మినాడు. హిందువులతో స్నేహము చేసి, వారి వెంట నెలదినముల దారి నడచి 'పర్వతము'నకు, అనగా శ్రీశైలమునకు, శివరాత్రి తీర్థమునకు పోయినాడు. నల్లరాతి నందికి బంగారు పూత పూసియుండుట, జనము దాని గిట్టను ముద్దిడి పూలు చల్లుట వ్రాసికొన్నాడు. విన్న కథలను కూడ విడువలేదు. 'గుకుక్' అని కూయు రాత్రిపక్షి యొకటి కలదట. అది ఏ ఇంటిపై వ్రాలునో ఆ ఇంట ఒకరు మరణింతురు. చంపబోయినచో నోటినుండి నిప్పు క్రక్కును. అడవిలో కోతులకొక రాజు, ఆ రాజునకు సైన్యము. ఎవరైన కోతికి కీడు చేసినచో అది పోయి రాజుతో మొఱపెట్టుకొనును, సైన్యము వచ్చి ఇండ్లు కూల్చి మనుష్యులను కొట్టును. సుగ్రీవుని కొలువు ఒక రష్యా వర్తకుని చెవికి ఈ రూపున చేరినది. దక్కనులో ఎవరో అవ్వయో, బాటసారియో చెప్పిన ఈ మాటలు ఆనాడు ఇచటివారు ఎవరును వ్రాసిపెట్టినట్లు కనిపించదు. ఊరుగాని ఊరివాడు వ్రాసికొన్నాడు.

నికీతిన్ ఇల్లు చేరలేదు. మూడు సముద్రములు దాటివచ్చి స్మొలెన్స్క్ చేరకమునుపే దారిలో చనిపోయినాడు. ఆయన స్వహస్తముతో వ్రాసిన పుటలను తోడి వర్తకులు మాస్కోకు తెచ్చి, 1475లో మహారాజు కొలువులోని లేఖరి మామిరెవ్ చేతిలో పెట్టినారు. లేఖరి వానిని వృత్తాంతములలో చేర్పించినాడు. పిమ్మట మూడువందలయేండ్లకు పైగా ఎవరును వానిని తెఱచి చూడలేదు. 19వ శతాబ్ది ఆరంభమున కరంజిన్ అను చరిత్రకారుడు ఒక మఠపు గ్రంథభాండారమున పాత ప్రతులు తిరుగవేయుచుండగా ఆ పుటలు మరల వెలుగు చూచినవి. గుకుక్ పక్షి అందులో భద్రముగా నుండినది.